ఉరుకుందలో ఆగిన సంకల్పం

చిరంజీవి తమ్ముడు మహేశ్వర్‌కు,

నీ ఓడకు నిప్పంటుకుంటే, ఇది మా ఓడ, వీడు మా మనిషి అని ముందుకొచ్చే దేశం ఏదో నాకు చెప్పగలవా? ఆ జవాబు ఆలోచిస్తూ ఈ అక్క దీవెనలు అందుకో.

ఎమ్మిగనూరులో అందరం కుశలమే. శిరీషకు ఎనిమిదో నెల, ఆరోగ్యంగా ఉంది. వాన ఆలస్యమైనా హొళగుంద చేనులో కంది మొలిచింది. శ్రావణం కదా, నా గొంతు ప్రవచనాలతో బొంగురుపోయింది. మీ ఓడ దిగి ఇంటికి పోయిన వంటాయన ముంబైలో పోస్టు చేసిన నీ జాబు అందింది. అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను.

కాన్పుకు శిరీష పుట్టింటికి పోతుందా అన్నావు. పత్తికొండ నుంచి వాళ్ళ నాన్న వచ్చి పిలిచాడు. "ఆయన యాడుండాడో తెల్సినాక వస్తాలే నాయనా" అంది. పెద్దాయన కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

ఓడలు ఎక్కడున్నాయో చూపే ఫోను యాప్‌లో మీ ఓడ కనబడుతోందా అన్నావు. కనబడుతోంది. పోయిన వారం ఒక విమానాశ్రయం మధ్యలో ఉంది. మా భజనలో తాళాలు వేసే తిప్పమ్మ తొంగి చూసి, "ఏం శిరీషా, మీ ఆయన ఓడ గడ్డి మేసేకి గట్టెక్కిందా?" అంది. శిరీష నవ్వలేదు.

ఆదోనిలో దామోదరం శెట్టిని అడిగాను. దూది విదేశాలకు పంపే మనిషి, ఓడల సంగతి తెలిసినవాడు. "యంత్రం చెడిపోలేదమ్మా, కావాలనే తప్పుడు చోటు చూపిస్తాండారు" అన్నాడు. ఒక దేశం ముడి చమురు మోయకూడదని పెద్ద దేశాలు ఆంక్షలు పెట్టాయట. మోసిన ఓడకు సరైన బీమా ఉండదు, మంచి రేవులు రానివ్వవు. అందుకే నడిసముద్రంలో ఒక ఓడ నుంచి ఇంకో ఓడకు చమురు మారుస్తారు, పేరు మీద రంగు పూస్తారు, వేరే జెండా కడతారు. ఆ జెండా దేశాన్ని అడిగితే, అలాంటి ఓడ మా చిట్టాలోనే లేదంటుందట. ఓడ పుట్టినప్పుడు ఇచ్చిన నంబరు మాత్రం మారదు. దాంతో వెతికి, నీ ఓడ పాత పేర్లు మూడు చూపించాడు.

"ఆంక్షలు న్యాయమా శెట్టీ?" అన్నాను.

"అది పెద్దోళ్ళ పంచాయితీలేమ్మా. మనోడు ఎవురి పక్కనా లేడు, మధ్యలో ఉండాడు" అన్నాడు.

ఇక మూడో ప్రశ్న. "ఫలం మీద ఆశ లేకుండా పని చేయమని నువ్వే చెప్తావు కదక్కా. నేను వాల్వులు తిప్పే కూలోణ్ణి, పాపం యజమానిది" అని రాశావు. నా ప్రవచనం నాకే అప్పజెప్పావు. మిగతాది కూడా విను. చేసినవాడు, చేయించినవాడు, పురికొల్పినవాడు, సరేనన్నవాడు, నలుగురికీ పాపం సమానంగా అంటుతుందని శాస్త్రం చెబుతుంది. కూలివాడికి మినహాయింపు ఉందేమోనని నీ కోసం వెతికాను. దొరకలేదు.

సోమవారం శిరీషను తీసుకుని ఉరుకుంద పోయాను. ఈరన్నస్వామికి నీ పేరున అర్చన. దూరానున్నవాడి కోసం సంకల్పం చెప్పుకుంటే వాడున్న చోటు కూడా చెప్పడం మన ఇంటి ఆచారం. నాన్న లారీ మీద తిరిగే రోజుల్లో అమ్మ ఏ ఊరు దాటాడో కనుక్కుని మరీ చెప్పేది. అయ్యవారు గోత్రం, పేరు పలికి, "ఇప్పుడు యాడుండాడమ్మా?" అన్నాడు. శిరీష ఫోను తీసింది. ఓడ ఇంకా విమానాశ్రయంలోనే ఉంది.

"తెలీదు సామీ" అన్నాను.

"సముద్రం అను తల్లీ, సాలు. ఎనక జనం నిలబడుకోనుండారు."

సముద్రమో, ఏ దేశపు జైలో, నాకెలా తెలుసు? సత్యం గురించి ఊరూరా అరిచిన నోటితో ఊహించి చెప్పలేకపోయాను. అక్షింతలు పళ్ళెంలోనే వదిలి బయటికొచ్చాం. బస్సులో శిరీష నన్ను వదిలి ముందు సీట్లో కూర్చుంది.

ఇంతదాకా దాచిన మాట ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజే ముంబైలోని నావికుల సంఘానికి ఫోను చేసి నీ పేరు, ఓడ నంబరు ఇచ్చాను. నిన్ను అడగలేదు, శిరీషకూ చెప్పలేదు. ఈ పేజీని ఫొటో తీసి నీకు పంపేది తనే కాబట్టి, నీకంటే ముందు చదువుతుంది. చదవనీ. కంపెనీకి తెలిస్తే నిన్ను ఇంకో ఓడ ఎక్కనివ్వకపోవచ్చు. ఆ సంగతి తెలిసే చేశాను.

ఇంకో ఆరు నెలలు ఉంటే డెక్ మీద పనివాళ్ళకు పెద్దవుతానని నీ ఆశ. దొంగ జెండా కింద చేసిన కాలం సర్వీసులో కలవకపోవచ్చని సంఘం వాళ్ళు చెప్పారు. నీ ఒప్పందం గడువు ముగిసింది, కాబట్టి దిగే హక్కు నీకుంది. ఇంకో ఆరు నెలలకని కంపెనీ ఇచ్చే పొడిగింపు కాగితం మీద సంతకం పెడితే ఆ హక్కు పోతుంది.

నీళ్ళు, సరుకులు ఎక్కించుకోవడానికి అరబ్బు దేశంలోని ఫుజైరా రేవు బయట రేపు ఉదయం దాకా ఆగుతామని నిన్న శిరీష ఫోనుకు కబురు పంపావు. సంఘం మనిషి ఆ రేవులో ఉన్నాడు. అతను నీ కోసం కదలాలంటే నీ చేతిరాత కావాలి. "పొడిగింపు నాకు వద్దు, నన్ను ఇంటికి పంపండి" అని రాసి, పేరు, తేదీ వేసి, సంతకం పెట్టు. కెప్టెన్‌కు ఒకటి ఇవ్వు. దాన్నే ఫొటో తీసి సంఘానికి పంపు, నంబరు శిరీష పంపుతుంది. డ్యూటీ దిగాక చూద్దామనుకోకు. లంగరు ఎత్తాక నిన్ను వెతకడం ఎవరి తరమూ కాదు. కలం తీసుకో నాయనా, ఈ పూటే రాయి.

ఇట్లు,
నీ కోపాన్ని భరించడానికి సిద్ధపడిన
అక్క నాగవేణి