మావోరీ గుంట మా కాఫీ తోటలో

సోమవారం రాత్రి, అరకు

నవ్వాపుకోలేక రాస్తున్నాను. మా అమ్మాయి నాకు చదివి చెబుతున్న వందేళ్ల నాటి ఇంగ్లీషు నవల ఉంది కదా, తల్లి న్యూజిలాండు ఆదివాసీ మావోరీ, తండ్రి తెల్లోడు, మధ్యలో నలిగే గుంటపిల్ల. ఆ కథని, తల్లిని కొండమనిషినీ తండ్రిని మైదానపోడినీ చేసి, గూడెం కొత్తవీధిలో నిజంగా జరిగినట్టు కాఫీ పళ్లు కోసే ఆడాళ్లకి చెప్పేశాను. గుంట ఎవరి వైపు పోవాలని ఇవాళ తోటంతా రెండు పార్టీలు!

"తల్లిది కొండ. గుంట కొండకే వచ్చీయాలి," అంది మా ఆవిడ. తనదీ కొండే మరి.

"సాల్లే, తండ్రి ఇంటిపేరు కాదేటే పిల్లకి?" అంది విజయనగరం నించి వచ్చిన మా అక్క.

బుట్టలతో కొట్టుకుంటారని సంబరపడుతున్నాను. ఇంతలో మా అమ్మాయి కోత ఆపేసింది.

"ఆ గుంటని అడిగారేటి ఎవరైనా?" అని అరిచింది.

కొండ తల్లికీ మైదానం తండ్రికీ పుట్టిన పిల్ల మా ఇంట్లోనే ఉందని నా వెధవ బుర్రకి తట్టనే లేదు.

ఇంటికొచ్చాక భయంభయంగా అడిగాను. "కోపమేటమ్మా?"

"ఆ నవల ముగింపు నాకు నచ్చలేదు నాన్నా. రేపు తోటలో కథ నేను చెప్తాను. నువ్వు నోర్మూసుకుని పళ్లు కొయ్యి."

బేగి తెల్లారితే బాగుణ్ణు! గుంట ఎటు పోతుందో ఎంత బతిమాలినా చెప్పలేదు. ఆ పెంకితనం అచ్చం నాదే. ఈ ముక్క పైకంటే మాత్రం మా ఆవిడ ఊరుకోదు, తనదంటుంది.