సోడ కొట్టని సంబంధం

బోధన్,
24-4-1965, శనివారం.

అవ్వకు రామ్‌దాస్ కాళ్లు మొక్కి రాసేది. ఇక్కడ బాపు, చెల్లె వసంత, నేను, బర్రె అందరం మంచిగ ఉన్నం. మన ఇంటికి ఇంత అన్యాయం చేసిన సోడల ఆత్మారాం గూడ మంచిగనే ఉన్నడు. అదే నా మంట. అక్కడ మోర్తాడ్‌ల నువ్వు, అక్క, పసిపిల్ల ఎట్ల ఉన్నరో రాయించు.

గంగమణక్కా, అవ్వకు ఇది నువ్వే చదివి వినిపిస్తవు గదా. నడుమ ఎక్కడన్న నేను అడ్డంగ గీత గీస్తే అక్కడ ఆగు. ముందు నువ్వు మనసుల చదువుకో. అవ్వ చేతిల రోకలి గిట్ల ఉంటే పక్కకు పెట్టించి, అప్పుడు పైకి చదువు.

అన్యాయం ఏందో చెప్పేముందు నీ ఉత్తరంల అడిగినవాటికి జవాబులు రాస్త, లేకుంటే కోపంల మర్చిపోత. బర్రె రెండు పూటల పాలిస్తున్నది. చల్ల మాత్రం ఇంట్ల మిగులుతలేదు, ఎందుకో కింద తెలుస్తది. బాపు మోకాలికి నూనె రుద్దుకుంటున్నడు. ఆఖరు చెరుకు బండి ఫ్యాక్టరీకి పోయింది. కోపం తగ్గించుకున్నవా అని అడిగినవు. తగ్గించుకున్న. పోయిన వారం ఇద్దరితోనే కొట్లాడిన, అండ్ల ఒకడు వాడే మొదలువెట్టిండు. ఇగ, నందిపేట్ నుంచి వసంతను ఖాయం చేసుకోను వచ్చేటోళ్లకు మనిషికి రెండు ఎర్ర సోడలు కొట్టియ్యుమని రాసినవు. దానికి జవాబు చిన్నది గాదు.

అవ్వా, నిన్న వాళ్లు మన వాకిట్ల దాకా వచ్చి, గడప తొక్కకుంట తిరిగిపోయిండ్రు. చేసింది ఆత్మారాం.

మొదటి నుంచి రాస్త. నిజామాబాద్ స్టేషన్ ముంగట కొన్న పావలా పుస్తకాలు నేను చదువుతనని నీకు తెలుసు. శక్కరి నీళ్లు పండ్లను తింటయి, ఆకలిని చంపుతయి అని అండ్ల రాసి ఉన్నది. నేను సొంతంగ గూడ ఆలోచించిన. మనం చెరుకు పండిస్తం. ఫ్యాక్టరీల శక్కరి చేస్తరు. ఆత్మారాం దాంట్ల ఎర్ర రంగు కలుపుతడు. మళ్ల మనమే పైసలిచ్చి తాగి, బ్రేవ్‌మని తేన్పి, పెద్దమనుషులమైనమనుకుంటం. ఇంతకంటె పిచ్చితనం దునియాల ఉన్నదా?

ఈ మాటే బాపుతోని అంటే, "శక్కరి విషమైతే, విషం పండించినోని బువ్వ తిని నువ్వింత ఎట్ల పెరిగినవ్ రా?" అన్నడు. నేను పుస్తకం మళ్ల మొదటికెల్లి తిరగేసిన.

అందుకే దసరా నుంచి అంబలి సంఘం పెట్టి, వాడవాడ తిరిగి ఉపన్యాసాలిస్తున్న. అధ్యక్షుడు నేను, కార్యదర్శి మన హన్మండ్లు. మూడో సభ్యున్ని ఆత్మారాం దుకాణం వెనుక ఆకుపచ్చ సోడతోని పట్టుకొని బహిష్కరించిన. ఏడు నెలల్ల ఆత్మారాంకు ఒక్క సీస బేరం తగ్గలేదు. మనోళ్లకు సోడ తాగుడు గాదు, కొట్టుడు ముఖ్యం. సంబంధానికొచ్చినోళ్ల ముంగట ఎన్ని గోలీలు టప్పుమంటే ఆ ఇంటికి అంత ఇజ్జతు. గోడవతలి ఆడోళ్లు చేతుల పని ఆపి లెక్కవెడుతరు.

నువ్వేమో అక్క పురుటికి పోతివి. మళ్ల నెల దాకా మంచి దినం లేదని నందిపేట్ వాళ్లు కబురు పంపి బయలెల్లిరి. బాపు రెండు డజన్ల ఎర్ర సోడలు చెప్పి వచ్చిండు. నేను వెనుకనే పోయి వద్దని చెప్పి వచ్చిన.

"కాకా, ఆ సోడలు మాకొద్దు."

"ఏమాయె పంతులూ? సంబంధం తప్పిందా?"

"తప్పలేదు. మా ఇంట్ల రంగునీళ్లు బంద్. అంబలి పోస్తం."

"అంబలి పోసి పిల్లనిస్తరా! అరే దేవా!" అని ఆత్మారాం కండ్లల్ల నీళ్లొచ్చేదాకా నవ్విండు. ఆ నవ్వు గుర్తుపెట్టుకో అవ్వా.

పుస్తకంల చెప్పినట్టే అన్ని శుభ్రంగ ఏర్పాటు చేసిన. రెండు కొత్త కుండలల్ల జొన్న అంబలి, మస్తుగ చల్ల, తరిగిన ఉల్లిగడ్డ. పైన తడిబట్ట. ఒక్క ఈగ వాలలేదు. పదకొండు గంటల బస్సుకు ఏడుగురు దిగిండ్రు. పిల్లగాడు రాజలింగు అందరికంటె ముంగట నడిచి వచ్చి, నా చేతుల ముంత తీసుకొని గటగట తాగి, "ఇంకింత పొయ్యి బావా" అన్నడు. రెండోది గూడ తాగిండు. అంతల వాళ్లవ్వ నాగవ్వ వచ్చింది. కుండల దిక్కు చూసింది, దర్వాజ దిక్కు చూసింది. కొడుకు చేతుల ముంత గుంజి పారేసింది.

"ఇంటామె ఏది?" అని వాకిట్లనే నిలబడి అడిగింది.

మగోళ్ల ముంగట పురుటి మాట ఎత్తాల్నంటె బాపుకు సిగ్గు. తలకాయ వంచి, "ఆమె ఇప్పుడు రాగూడదు. ఇంకో వారమాగాలె" అన్నడు.

నాగవ్వ కుండలకు దండం పెట్టి, అందరిని తోలుకొని వెనుకకు మళ్లింది. పోతపోత బస్టాండు కాడ ఆత్మారాం దుకాణంల మనిషికి రెండు సోడలు తాగిండ్రట! ఇంక సాక్ష్యమేం గావాలె? బస్సు దిగంగనే వాళ్ల చెవులల్ల ఆయన ఏదో ఊదిండు. నేను బజార్ల నిలబడి గొంతు చిరిగేదాకా ఈ మాటే అన్న. బాపు చెరుకు కొట్టే కత్తి తీసుకొని ఉరికితే హన్మండ్లు నడుం పట్టుకొని ఆపిండు. ఇయ్యాల పొద్దుటి నుంచి వాడోళ్లు ఎవ్వరు ఆ దుకాణం మెట్టెక్కలేదు. ఏడు నెలల ఉపన్యాసాలకు ఆగని సోడ ఒక్క పూటల ఆగిపోయింది. విప్లవమంటే ఇదే అవ్వా!

________

26, సోమవారం.

అక్కా, నేను చెప్పిన గీత ఇదే. రోకలి సంగతి చూసుకో.

పైన రాసింది చింపేద్దామనుకున్న. చింపితే నేనెంత తప్పు మనిషినో అవ్వకు తెల్వదని ఉంచిన.

శనివారం ఆ ముక్క రాసి, బువ్వకు కూసున్న. వసంత కంచం తెచ్చి పెట్టింది. బువ్వ పక్కకు ఒక వేపరెమ్మ.

"ఇదేంది?" అన్న.

"నువ్వు కట్టినదే. కుండల మీదికెల్లి తీసిన" అన్నది. దానికి కోపమొస్తే గొంతు చిన్నగైతది, నీకు తెలుసు గదా. "దర్వాజకు వేపకొమ్మలు కట్టినవు. కుండలకు వేపమండలు చుట్టినవు. కుండల మెడలకు పసుపు పూసినవు. లోపల చల్ల పోసిన అంబలి. అవ్వ కనబడదు, బాపు రాగూడదంటడు. ఇంట్ల ఏమున్నదనుకుంటరన్నా చూసినోళ్లు?"

అవ్వా, నేను కంచం పక్కకు జరిపిన. అమ్మవారు పోసిన ఇల్లు గాకపోతే ఇంకేమనుకుంటరు? లోపల నువ్వు ఒంటినిండ పొక్కులతోని పండుకొని ఉన్నవని నాగవ్వ అనుకున్నది.

వేపాకు ఉంటే ఈగలు వాలవు, పసుపు పూస్తే చీమలెక్కవు అని పుస్తకంల ఉన్నది. కట్టేటప్పుడే హన్మండ్లు, "అరే, ఇది పోచమ్మ గుడి కాడి లెక్క కొడుతున్నది రా" అన్నడు. "మూఢనమ్మకం!" అని వాని మీదికి లేచిన. ఈగలైతే వాలలేదు. చుట్టాలు గూడ వాలలేదు. ఆత్మారాం ఎవ్వరి చెవుల ఏమీ ఊదలేదు.

"నా పెండ్లి సంగతి తర్వాత" అన్నది వసంత. "ఆయనకు నలుగురు పిల్లలు. రేపు నువ్వు పోయి చెప్తవా, నన్ను పొమ్మంటవా?"

పోయిన. ఆత్మారాం ఒక్కడే కూసొని, ఎవ్వరు తాగని సీసలు కడుగుతున్నడు. అంత చెప్పిన. కొడుతడనుకున్న. కొడితే బాగుండు. ఆయన చేతుల సీస కిందవెట్టిండు.

"మా ఇంటామె గూడ అడిగింది పంతులూ, నిజంగనే చెప్పినవా అని. నా ఇంట్ల గూడ నమ్మలేదు" అన్నడు.

"తప్పైంది కాకా."

"తిట్టింది బజార్ల, ఒప్పుకునేది నా చెవులనా? పోయి బజార్ల చెప్పు."

సరే అని లేచిన. మెట్టు దిగుతుంటె వెనుకకు పిలిచిండు. "ఇగో, ఒక్క మాట. ఏడు నెలలు జనం నీ అంబలి ఎందుకు తాగలేదో తెలుసా? దానికి సప్పుడు లేదు. మందికి గోలి టప్పుమనాలె. లోపల ఏమున్నదో ఎవడు జూస్తడు? శక్కరి, రంగు తీసెయ్యి. నిమ్మరసం, ఉప్పు, జీలకర్ర పోద్దాం. గ్యాసు నేను కొడుత. పక్కకు నీ అంబలి కుండ గూడ పెట్టుకో. వేపాకు మాత్రం నా దుకాణానికి తేకు."

అవ్వా, నేను చదివిన ఏ పుస్తకంల ఈ ముక్క లేదు. అరుగు మీద కూసొని నేను ఏడ్చిన. నేను కొమ్మలు ఇరుసుకొచ్చిన మన వేపచెట్టు కింద గాదు, ఇంక ఆ చెట్టు కిందికి పోబుద్ది అయితలేదు.

ఇగ నందిపేట్ సంగతి. రెండు ముంతల అంబలి తాగిన రాజలింగును నాగవ్వ అర్రల పెట్టి, తొమ్మిది దినాల దాకా తియ్యనని గొళ్లెం వేసింది. ఆయన కిటికీలకెల్లి బస్సు కండక్టరుతోని నాకు కబురంపిండు: "జరం లేదు. ఆకలున్నది. ఈసారి అంబలిల ఉల్లిగడ్డ ఎక్కువెయ్యుమను." వసంత ఇది విని మొఖం అటు తిప్పుకున్నది గని, నవ్వింది, నేను చూసిన. పిల్లగాడు మంచోడవ్వా. నా తెలివికి ఈ సంబంధం చెడిపోతే నేను వసంత మొఖం చూడలేను.

నేను హన్మండ్లును పంపి అంత చెప్పించిన. నాగవ్వ నమ్మలేదు. ఆదివారంతోని తొమ్మిదో దినం. కొడుకు ఒంటి మీద పొక్కు లేకుంటే బోధన్ వస్తనన్నది. మన ఇంటికి గాదు, బస్టాండుకు. అక్కడ నిన్ను వెలుగుల నిలబెట్టి, మొఖం, చేతులు తన కండ్లతోని చూస్తెనే మాట ఖాయం చేస్తదట.

బాపుకు నేనింక చెప్పలేదు. కత్తి మాత్రం అటుక మీద దాచిన. నువ్వు పక్కకు ఉంటె ఆయన కొట్టడు, కొట్టినా సగమే కొడుతడు.

శనివారంతోని అక్కకు ఇరవయ్యొక్క దినాలు నిండుతయి గదా. ఆదివారం తొలి బస్సుకు బయలెల్లు, నిజామాబాద్‌ల మారు. ఎందుకో చెప్పకుంట, రమ్మని మాత్రం మన వాడోళ్లందరికి హన్మండ్లు డప్పు కొట్టి చెప్పిండు. నేను సోడల పెట్టె మీద నిలబడి, తప్పు ఆత్మారాంది గాదు నాదని గొంతు చిరిగేదాకా చెప్త. బజార్ల తిట్టిన గొంతే గదా. అటెన్క వసంత వేసిన శిక్ష ఒకటున్నది: ఆత్మారాం చేతుల ఒక ఎర్ర సోడ తీసుకొని, అందరి ముంగట ఆఖరు బొట్టు దాకా తాగి, వాడంత వినేటట్టు తేన్పాలె. అప్పుడు మొఖం తిప్పుకోకు అవ్వా, నువ్వు చూస్తుంటేనే నాకు మింగుడు పడుతది.

మే 2, ఆదివారం, పొద్దున పది గంటలకు, బోధన్ బస్టాండు, ఆత్మారాం దుకాణం ముంగట. అందరు రావాలె. నువ్వు లేకుంటే ఏదీ మొదలుగాదు.

ఇట్లు,
నీ దెబ్బలకు సిద్ధంగ ఉన్న నీ కొడుకు
రామ్‌దాస్