పెన్సిల్ మొన మీద అక్క

అక్కకు తమ్ముడు నమస్కరించి రాసేది:

ఈ ఉత్తరంతోపాటు ఒక పెన్సిల్ పంపుతున్నాను. చేసింది చెప్పి చూపించకూడదు, చూసినవాళ్ళే కనిపెట్టాలని మా గురువుగారి మాట. తీరిగ్గా చూసి, ఏం కనిపించిందో రాయి. తర్వాత భద్రంగా తిప్పి పంపు. నెలాఖరులో ప్రదర్శనకు కావాలి. పదేళ్ళుగా వంటింటి కిటికీ దగ్గర చేస్తున్న పని నలుగురూ చూడబోయేది ఇదే మొదటిసారి.

నీ తమ్ముడు

తా.క. బావకు చూపించు కానీ చేతికివ్వకు.

*

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. ఇందులో కనిపెట్టడానికేముందిరా, పెన్సిల్! ఎప్పుడూ గింజల మీద బొమ్మలు చెక్కేవాడివి, ప్రదర్శనలో పేర్లు రాసుకోవడానికి కాబోలనుకున్నాను. మొద్దుగా ఉంటే మీ బావ ఉలితో చక్కగా చెక్కి పెట్టారు. వడ్రంగి చెయ్యి కదా, సూదిలా వచ్చింది. ఈ ఉత్తరం దానితోనే రాస్తున్నాను.

నీ అక్క

తా.క. పట్టుకోవడానికి మెత్తగా ఆ కొసకు బిరడా తగిలించావు చూడు, నీ బుర్రే బుర్ర.

*

అక్కా,

కొంప మునిగింది! "దానితోనే రాస్తున్నాను" అన్నచోట నీ ఉత్తరం చేతిలోంచి జారిపోయింది. మిగతాది చదివే ఓపిక లేదు. అది పెన్సిల్ కాదక్కా, నువ్వు! మొన మీద కుట్టుమిషను, దాని ముందు నువ్వు, నీ కాళ్ళ దగ్గర దారపుండ పట్టుకుని నేను. ఊపిరి బిగబట్టి, గుండె ఒకసారి కొట్టుకుని మళ్ళీ కొట్టుకునేలోపు ఒక్కో గాటు పెట్టాను. దుమ్ము లేచి నేను తుమ్మితే నీ తల ఎగిరిపోతుందని మీ మరదలు ఇల్లు ఊడవడమే మానేసింది. తీరా చూస్తే నీ తలతో నువ్వే నాకు ఉత్తరం రాశావు.

దిక్కుతోచని తమ్ముడు

తా.క. "కులాసా" అన్న మాట మరీ నల్లగా ఉంది. అది నీ జడ అయ్యుంటుంది.

*

తమ్ముడూ,

గోరంతలు కొండంతలు చేసేవాళ్ళని చూశాను కానీ, మిషనంత మిషనునీ నన్నూ కలిపి గోరంత కూడా లేకుండా చేసేవాడివని నాకేం తెలుసురా? మీ బావ భోజనం ముట్టలేదు. "నా చేత్తో నీ తల తీశానే" అంటూ కొట్టంతా ఊడ్చి పొట్టు పోగుచేశారు. పొట్లం కట్టి పంపుతున్నాను. అందులో సగం పక్కింటివాళ్ళ తలుపుది. నన్ను వేరుచేసుకో.

పాపం చుట్టుకున్న అక్క

తా.క. జిగురుతో అతికితే నిలుస్తానా అని మీ బావ అడుగుతున్నారు.

*

అక్కా,

పొట్టంతా భూతద్దం కింద వెతికాను. ఒక చీమ కాలూ, బావ మీసం వెంట్రుకా దొరికాయి. నువ్వు దొరకలేదు. మీ మీద కోపం లేదు. మళ్ళీ చేద్దామంటే చెయ్యి రావడం లేదు. ఈ వారం గడిచాక నా పేరు కొట్టేయమని ప్రదర్శనవాళ్ళకు రాసేస్తాను. మిగిలిన పెన్సిల్ ముక్కయినా పంపు, దాచుకుంటాను.

నీ తమ్ముడు

తా.క. మీసం తిప్పి పంపుతున్నాను.

*

ఒరేయ్ తమ్ముడూ,

ప్రదర్శనవాళ్ళకు ఏమీ రాయకు! వెంట్రుకవాసి పని చేసేవాడివి, ఉత్తరం చివరిదాకా చదవలేవా? నా మొదటి ఉత్తరం తీసి కింద తా.క. చూడు. తర్వాత దీనిది చదువు.

తల ఉన్న నీ అక్క

తా.క. నువ్వడిగావని పెన్సిల్ కాగితంలో చుట్టబోతూ, బిరడా దారిలో ఊడుతుందేమోనని లాగి చూశాను. ఊడొచ్చింది. దాని లోపల తొలిచి ఉంది, అది కప్పిన మొన మీద ఏదో నలుసు. గడియారాల కొట్టాయన అద్దం అడిగి కంట్లో పెట్టుకుంటే నేనే! మిషనుతో సహా చెక్కుచెదరకుండా ఉన్నాను. మీ బావ ఉలి పెట్టింది రెండో కొసకురా! అమ్మ పోయిన ఏడు నువ్వు అచ్చం అలాగే నా కాళ్ళ దగ్గర కూర్చునేవాడివి. నీ చేతిలోంచి నా సూదిదాకా దారం ఎక్కడా తెగలేదు. కొట్లో అందరి ముందూ ఏడ్చేశాను.

మరో తా.క. ముక్కు అంత పెద్దది పెట్టకపోతే ప్రదర్శనలో రానివ్వరా? రేపు బండెక్కుతున్నాం. పెన్సిల్ నా చేతిలోనే ఉంటుంది. మీ బావ మాత్రం దిగేదాకా రెండు చేతులూ జేబుల్లోంచి తీయనని ఒట్టేశారు.