రాణిగారి గుర్రపుసాల

అక్కా,

ఎదురుగా వచ్చి చెప్పే మొహం లేక రాస్తున్నాను. నీ కుట్టు షాపు ఖాళీ చేయమని నోటీసు రావడానికి కారణం నేనే.

మన ఊళ్లో కొండా లేదు, సముద్రమూ లేదు. ఉన్న ఒక్క కోటా చూపించడం అరగంటలో అయిపోతుంది. యాత్రికులు నీ అరుగు మీద నీడకి కూర్చుంటే, గైడన్నాక ఏదో ఒకటి చెప్పాలి కదా అని, నీ షాపు వెనక గోడ రాణిగారి గుర్రపుసాలదని చెప్పేవాణ్ణి. ఇరవై ఏళ్లు చెప్పాను. ఎవరో దాన్ని ఊరి గైడు పుస్తకంలో ఎక్కించారు. ఇప్పుడది చారిత్రక స్థలమట.

"అయ్యా, అది నేనల్లిన కథండీ" అని నోటీసిచ్చిన ఆఫీసరు కాళ్లావేళ్లా పడ్డాను.

"పుస్తకంలో ఉంది కదయ్యా! అక్క కోసం అబద్ధాలాడతావా?" అన్నాడు.

నిన్న నువ్వు లోపల మిషను కుడుతుంటే, అరుగు మీద యాత్రికులకి మొదటిసారి నిజం చెప్పాను. "ఆ గోడ మా బావ రాళ్లు ఏరుకొచ్చి కట్టుకున్నదండీ."

ఒక పెద్దావిడ పుస్తకం తిరగేసి, "ఈ ఊరి చరిత్ర తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరా బాబూ?" అంది.

రేపు పొద్దున్న ఇంకో బస్సు వస్తోంది. నీ అరుగు దగ్గర ఏం చెప్పమంటావక్కా?

నీ తమ్ముడు