పాలియెస్టర్ చొక్కాకు గంజి వాసన

గుడియాత్తం,
ఆదివారం.

తమ్ముడు లోగనాథన్‌కు,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్‌లో అడిగితే నవ్వేసి పెట్టేస్తావని ఇలా రాస్తున్నాను.

వేలూరులో బట్టల అంగట్లో పని చేస్తున్నానని చెప్పి, పోయిన వారం నువ్వు తెచ్చిచ్చిన, బట్టలకు ఆవిరి పట్టే స్టీమరు వాడి చూశాను. నూలు చీరకు దాని మూతి ఆనించి పట్టాను, ముడతలు పోయాయి. అమ్మ పట్టుచీరను తిరగేసి, నాలుగు వేళ్ల ఎడంగా పట్టాను. మరక పడలేదు. చివరికి నువ్వు ఇక్కడ వదిలిపోయిన పాలియెస్టర్ చొక్కాకు ఆవిరి పట్టానో లేదో, పులిసిన గంజి వాసన గుప్పుమంది.

చాకలి గంజి పెట్టాడని మాత్రం చెప్పకు. పాలియెస్టర్‌కు ఎవరైనా గంజి పెడతారా? అమ్మ ఆ చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది మగ్గానికెక్కించే పడుగు నూలుకు పట్టించే గంజే. వాడు అంగట్లో ఉండాడా, మగ్గం కాడ ఉండాడా? నిజం కనుక్కో పాపా" అంది.

జేబు మూలలో నీలం నూలుపోగు కూడా దొరికింది. అది లుంగీలు నేసే పోగు. ఎవరి మగ్గం మీద కూర్చుంటున్నావు? మూడేళ్ల కిందట "ఇంక మగ్గం మొగమే చూడను, నాది అమ్మేయండి" అని అరిచి పోయినవాడివి నువ్వే కదా?

అమ్మేశామని అప్పుడే నీకు చెప్పాను. నేను చెప్పిందీ అబద్ధమే. నీ మగ్గం మీద గోనెపట్టా కప్పి ఉంచాను. పడుగు ఎక్కించమంటావా?

ఇట్లు,
అక్క