నవ్విన సామాను

గౌరవనీయులైన ఆర్విల్ గారికి,

నా భాషలో లోపాలుంటే మన్నించగోరుతాను. నలభై దాటాక రాత్రి బడిలో చదివి పట్టా పుచ్చుకున్నవాణ్ణి, మెకానిక్ డ్వేన్ కొడుకును.

మీ డ్రైవ్-ఇన్ సినిమాకు మా నాన్న మా టిక్కెట్లకు డబ్బు చాలక నన్నూ చెల్లినీ కారు డిక్కీలో దాచి తెచ్చేవారు. గేటు దగ్గర మీరు డిక్కీ తట్టి, "ఏమోయ్, నీ సామాను నవ్వుతోంది. ఉక్కకు ఏడవకముందే లోపలికి పోనియ్" అనేవారు. ఇంట్లో టీవీ అయినా లేని మాకు కౌబాయిలూ, అంతరిక్ష నౌకలూ మీ చలవే.

ఈ శనివారం ఆఖరి ఆట. తరువాత తెర కూల్చేస్తారు. మోకాళ్ళ నొప్పులని మీరు రానన్నారట. కారులో కూర్చుని చూసే సినిమాకు మోకాళ్ళతో పనేమిటండీ? నేనే వచ్చి తీసుకువెళతాను. ముందు సీటు మీదే.

చదివాక ఈ ఉత్తరం మీ అమ్మాయి మార్లీన్‌కు ఇవ్వగలరు. అప్పటికీ మీరు రానంటే, మిమ్మల్ని డిక్కీలో ఎక్కించడానికి ఆమె సాయం కావాలి.