అన్నం పెట్టిన రాక్షసి

లచ్చమ్మా, నువ్వు పోయి ఏడాది దాటింది. మొన్న ఆదివారం మన మనవరాలు శ్రావణి సూర్యాపేట ఇంట్లో దోస్తులతో పాచికల ఆట ఆడించింది. కథ నడిపేది ఆమె, కథలో వీరులు వాళ్లు. రాక్షసి ముసలమ్మ వేషంలో వచ్చి వీరులకు అన్నం వడ్డించింది, తాను మాత్రం ముద్ద ముట్టలేదు. అదొక్కటే ఆనవాలు.

"పట్టుకుంటే నా ఆట ఖతం తాతా," అని పొద్దున్నుంచి పిల్ల ఒకటే పరేషాన్.

ఒక్కరూ పట్టుకోలేదు. వీరులంతా రాక్షసికి దొరికిపోయారు.

"ఆమె తింటలేదని చెప్పిన గదనే!" అంది శ్రావణి.

"మా నాయనమ్మ గూడ అందరు తిన్నంకనే తింటది. అందుల అనుమానమేంది?" అంది ఓ దోస్తు.

"నేను గూడ ఆ రాక్షసిని మా నాయనమ్మను సూసే చేసిన," అని నవ్వింది శ్రావణి. తెలివి మాత్రం నా పోలికే.

ఆట అయ్యాక లేచి అందరికీ అన్నం వడ్డించబోయింది.

"కూసో బిడ్డా, గెలిసినోళ్లు ముందు తినాలె," అని గంటె నేనే అందుకున్నాను.